కల్వంలో కన్ను

మా పాత ల్యాబు వాట్సాప్ గ్రూపులో ఆ రోజు పొద్దున్నుంచి దండాలే దండాలు. "గురువుగారికి కన్నీటి నివాళి." "ఒక శకం ముగిసింది." "అంతటి నిజాయితీపరుడు మళ్ళీ పుట్టడు." ఈ చివరి ముక్క రాసినవాడు ఆయన చేత అందరి ముందూ గాడిద అనిపించుకుని వారం రోజులు క్యాంటీన్ మొహం చూడనివాడు. చావు ఎంత పని చేస్తుందో చూడండి! నేను ఒక్క దండం కూడా పెట్టలేదు. ఫోను పక్కన పడేసి టీ పెట్టుకున్నాను.

ఆయన నాచారం పారిశ్రామికవాడలో ఒక ప్రైవేటు ల్యాబుకి చీఫ్ కెమిస్టు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలవాళ్ళు తమ సరుకు తెచ్చి, అందులో ఏముందో ఎంతుందో మా చేత కాగితం మీద రాయించుకుని పోయేవాళ్ళు. ఆయన కింద నాలుగేళ్ళు పనిచేశాను. పేరు రాయను. రాస్తే గ్రూపులోని భక్తులు ఊరుకోరు. అయినా ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళెవరు? అందరికీ "అకీకు సారు" అంటేనే తెలుసు.

అకీకు అంటే ఉంగరాల్లో, జపమాల పూసల్లో కనిపించే చారల రాయి. పాతబస్తీలో సులేమానీ రాయి అంటారు. ఆ రాయితో చేసిన కల్వం ఒకటి మా ల్యాబులో ఉండేది. మందులు నూరే కల్వం లాంటిదే, కాకపోతే అరచేతిలో ఇమిడేంత గిన్నె, బొటనవేలంత నూరే రాయి. ఏ సరుకు వచ్చినా ముందు అందులో మెత్తగా నూరాకే పరీక్ష. తేనె రంగు మీద సన్నటి తెల్ల చారలు, ఒకదాని లోపల ఒకటి. గిన్నె అడుక్కి వచ్చేసరికి చారలన్నీ చుట్టుకుపోయి కోడిగుడ్డు ఆకారంలో ఒక తెల్లటి వలయం, దాని మధ్య మినపగింజంత గోధుమ రంగు చుక్క. అచ్చం కన్నే. నాలుగేళ్ళు ఆ కంట్లోకి చూస్తూ నూరాను. మా ఆయన మొహం కూడా అంతసేపు చూసి ఉండను.

నూరేది నేను, కడిగేది మాత్రం ఆయన. ఇంకొకరు కడగడానికి వీల్లేదు. చిటికెడు శుభ్రమైన ఇసుక, నాలుగు చుక్కల నీళ్ళు వేసి తిప్పేవాడు. తర్వాత గోళ్ళ రంగు వదిలించే అసిటోన్‌తో తుడిచి, భార్య పాత నూలు చీర ముక్కలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. తాళంచెవి మొలతాడుకి! ఎండాకాలం మధ్యాహ్నాల్లో కరెంటు పోయినప్పుడు నూరే రాయిని చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. "అసలు రాయి ఎప్పటికి సల్లగుంటది. మనుషులే గరం అయితరు" అనేవాడు. గరం అయ్యేది ఆయనొక్కడే, పడేది మేమందరం.

నిజం చెప్పాలి కదా, ఒక్క సంగతి మాత్రం బాగా చెప్పేవాడు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళనీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, టీ కాచిన గిన్నె తెప్పించి, లోపలి గోడకి పట్టిన పాల చారలు చూపించేవాడు.

"సూడమ్మా, అకీకు మన దగ్గర పుట్టదు. ఉప్పల్ కింద, నాచారం కింద ఉన్నదంతా గ్రానైట్. వికారాబాద్ దాటినంక నల్లరేగడి వస్తది గదా, దాని కింద నల్లరాయి ఉంటది. గది ఒకప్పుడు లావా. లావా సల్లారేటప్పుడు లోపల గాలి బుడగలు చిక్కుతయ్. గా బొక్కలల్లకు వేల వేల ఏండ్లు నీళ్ళు ఊరుతయ్. నీళ్ళల్ల కరిగిన సిలికా గీ గిన్నె చారల లెక్క గోడకు ఒక పొర పడ్తది. దాని మీద ఇంకో పొర. నీళ్ళల్ల ఇనుము ఉన్నప్పుడు ఎర్ర పొర, లేనప్పుడు తెల్ల పొర. గట్ల బయటికెళ్ళి లోపలికి పోతనే ఉంటది. నడుమకు వచ్చేసరికి జాగ నిండుతది. ఏ రెండు రాళ్ళ చారలు ఒక్క తీరుగ ఉండయ్."

అది చెబుతున్నంతసేపూ ఆ గొంతులో వెక్కిరింపు ఉండేది కాదు. అయిపోయిన మరుక్షణం మొదలు. "సమజైందా? కాలే. మీ మొకాలు సూస్తెనే తెలుస్తది."

తర్వాత రెండు చేతులూ ఎత్తి ఏడు వేళ్ళు చూపించేవాడు. రాళ్ళ గట్టితనానికి ఒకటి నుంచి పది దాకా ఒక పట్టిక ఉంటుంది. గోటితో గీస్తే గీత పడేది ఒకటి, వజ్రం పది. అకీకు దాదాపు ఏడు. "ఏడు! దీని కిందున్నదంతా మనకు సలాం కొడ్తది" అనేవాడు. ఏడు పైన ఏముందో చెప్పేవాడు కాదు. ఆ పట్టిక ఆయన కుర్చీ వెనక గోడకే వేలాడేది. ఆయనకేమో ఎప్పుడూ దాని వైపు వీపు.

ఇంకొక అలవాటు. ఎవరి వేలికి రంగు రాయి ఉంగరం కనిపించినా అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దేవాడు. అకీకు పొరల మధ్య కంటికి కనపడని సందులుంటాయి, అవి రంగు తాగుతాయి. బజార్లో దొరికే పచ్చవీ నీలివీ గులాబీవీ చాలావరకు రంగు తాగించినవే. దూదికి రంగు అంటితే ఆయనకి పండగ. మా ల్యాబు ఊడ్చే లక్ష్మమ్మ కొడుక్కి కానిస్టేబుల్ ఉద్యోగం రావాలని ఉప్పల్ చౌరస్తాలో ఫుట్‌పాత్ మీద ఒక పచ్చ రాయి ఉంగరం కొనుక్కుంది. ఈయన ఆమె చెయ్యి పట్టుకుని రుద్దాడు. దూది పచ్చబడింది.

"సూసినవా? మీ వోని నౌకరి గూడ గింతే" అన్నాడు.

లక్ష్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, "రంగు పోతే పోయింది తియ్ సారు, రాయైతే ఉన్నది గదా" అంది. ఉంగరం మళ్ళీ తొడుక్కుని చీపురు తీసుకుంది. ఈయన ఆ పచ్చ దూదిని పట్టకారుతో పట్టుకుని గది గదికీ తిరిగి చూపించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది గానీ, అప్పుడు బాగానే నవ్వాను.

మరి అంత తెలిసిన మనిషి చేసిన ఘనకార్యం వినండి.

ఉప్పల్‌లో యాదయ్య మామ అని ఒకాయన ఉండేవాడు. నాకేమీ చుట్టం కాదు, అందరికీ మామే. వాళ్ళ తాతల నాటి పొలంలో మిగిలిన ముక్కలో రేకుల షెడ్డు వేసి తెల్ల కురువిందం పొడి చేసేవాడు. కురువిందం అంటే సానరాళ్ళలో వాడే గట్టి పదార్థం, కత్తిని అరగదీసేది అదే. గడ్డలు తెప్పించి, పగలగొట్టి, కడిగి, ఎనిమిది మంది ఆడవాళ్ళతో కలిసి తనూ కూర్చుని జల్లెడ పట్టేవాడు. ఆ పొడి అంతా ఒక పెద్ద సానచక్రాల కంపెనీకి పోయేది. వాళ్ళు కొత్తగా ఒక షరతు పెట్టారు: పొడిలో సిలికా ఇంతకు మించకూడదు, ల్యాబు కాగితం తేవాలి. సిలికా అంటే ఇసుకలో ఉండేదే. యాదయ్య మామ ఒక సంచిలో నమూనా పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి, ఉప్పల్ నుంచి వచ్చేసరికి మనిషి నిలువునా దుమ్ము.

నమూనా పొట్లం మీద నంబరు నేనే రాశాను. ఆ గట్టితనం పట్టికలో కురువిందం తొమ్మిది. తొమ్మిది తెచ్చి ఏడులో నూరితే ఎవడు అరుగుతాడు? చిన్నపిల్లకి కూడా తెలిసే సంగతి. పైగా అకీకు మొత్తం సిలికానే. కల్వం అరిగితే ఆ అరుగుడంతా నమూనాలో కలుస్తుంది. "సార్, ఇది అకీకుల నూరొచ్చా?" అని అడిగాను.

"నలభై ఏండ్ల సంది నూరుతున్న. దీన్ల నలగనిది ఇంకా పుట్టలే. నూరు."

నూరాను. ఎప్పుడూ లేని కరకర చప్పుడు వచ్చింది, పళ్ళు జివ్వుమన్నాయి. పొడి తీసేశాక చూస్తే కల్వం అడుగు మసకబారి ఉంది. కన్ను మీద సన్నటి గీతలు. ఆయన వచ్చి గిన్నెలోకి చాలాసేపు చూశాడు. చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టేశాడు.

పరీక్షలో సిలికా ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ వచ్చింది. నాకు మనసొప్పక, మిగిలిన నమూనాలోంచి కొంచెం తీసి ఇనుప రోట్లో దంచి, రాలిన ఇనుప రజనంతా అయస్కాంతంతో లాగేసి, మళ్ళీ పరీక్ష చేశాను. సిలికా లేనట్టే వచ్చింది. చీటీ మీద రాసుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"సార్, ఇనుప రోట్ల చేస్తే సిలికా వస్తలేదు. మన కల్వం అరిగి కలిసిందనిపిస్తుంది."

ఆయన చీటీ చూడను కూడా లేదు. "ఇనుప రోలా? గది మీ ఇంట్ల పచ్చడి నూరుకోనీకి. ఇనుముల సరిగ నలగక నీకు తక్కువ వచ్చింది. నాలుగేండ్లు కాలే నౌకరిల చేరి, నా కల్వానికి వంక పెడ్తవా?" అంటూ చీటీ లాక్కుని ఉండచుట్టి జేబులో పెట్టుకున్నాడు. "రిపోర్టు కొట్టించు. సంతకం పెట్టు."

పెట్టాను. మా ఆయన పనిచేసే కంపెనీ ఆ నెలలోనే మూతపడింది. నా జీతం ఒక్కటే దిక్కు. ఇదంతా నిజమే. కానీ రిపోర్టులో "పరీక్షించినవారు" అన్నచోట ఉన్నది నా సంతకం. "ఆమోదించినవారు" అన్నచోట ఆయనది. రెండూ పక్కపక్కనే.

కాగితం తీసుకోవడానికి యాదయ్య మామ వచ్చాడు. చదివాడు. సార్ గది వైపు పోలేదు, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. "బిడ్డా, నువ్వే నూరినవు, నువ్వే సూసినవు. నువ్వు చెప్పు. నా మాల్‌ల ఇసుక ఉన్నదా?"

లోపలి గది తలుపు తెరిచే ఉంది. అక్కడ సారు పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడో వింటున్నాడో దేవుడికి తెలియాలి.

"సార్‌ను అడుగున్రి మామా" అన్నాను.

యాదయ్య మామ కాగితం నాలుగు మడతలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. కంపెనీవాళ్ళు సరుకు తిప్పి పంపారు. ఇంకొకచోట కొనడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండానే షెడ్డు మూతపడిందని, మిషన్లు తుక్కు కింద పోయాయని, జల్లెడ పట్టే ఆడవాళ్ళు పనికోసం పోచారం వైపు పోతున్నారని తెలిసింది. ఆ కబురు చెప్పింది కూడా లక్ష్మమ్మే, వాళ్ళలో ఒకామె ఆమెకి వదిన.

మా సారు మాత్రం చెక్కు చెదరలేదు. కొత్తవాళ్ళకి టీ గిన్నె చూపించడం, ఏడు వేళ్ళు ఎత్తడం, అన్నీ మామూలే. ఒక్క మార్పు వచ్చింది. డ్యూటీ అయ్యాక రోజూ ఓ అరగంట తలుపు వేసుకుని కల్వాన్ని శుభ్రం చేసేవాడు. మూడు నెలలు నడిచింది ఆ తంతు. "సారు పూజల ఉన్నడు" అని అటెండరు మమ్మల్ని వాకిట్లోనే ఆపేవాడు. ముసలితనంలో చాదస్తం ముదిరిందనుకున్నాను. ఆ తర్వాత నాకు వేరే ల్యాబులో పని దొరికింది, వచ్చేశాను. వస్తున్న రోజు ఆయన తలెత్తలేదు. "పో పో, ఇనుప రోలు గూడ తీస్కపో" అన్నాడు.

ఇన్నేళ్ళూ నేను ఆయన్ని క్షమించగలిగింది ఒకే ఒక్క ఆలోచనతో. పాపం, మూర్ఖుడు. తన రాయి మీద పిచ్చి ప్రేమతో కళ్ళు మూసుకుపోయినవాడు. తెలియక చేశాడు. తెలియనివాడి మీద ఎంత కోపమని ఉంచుకుంటాం?

దినకర్మ అయ్యాక ఆయన భార్య ఫోన్ చేసింది. నాచారంలోనే ఉంటారు, రెండు గదుల ఇల్లు. వెళ్ళాను. ఆమె లోపల్నుంచి ఒక చెక్కపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"రిటైరైనప్పుడు ల్యాబోళ్ళు ఇచ్చిన్రమ్మా. పొయ్యేముంగట నీకే ఇయ్యమన్నడు. ఎందుకని అడిగితే, గా పిల్లకు తెలుస్తది అన్నడు."

"ఇంకేమన్నడు అత్తమ్మా?"

"ఇంకేం అనలే. నాతోని గూడ ఎన్నడు మాట్లాడిండు తియ్, ఆ రాయితోని మాట్లాడినంత?"

చీర ముక్క విప్పాను. కల్వం తళతళలాడుతోంది. ఒక్క గీత లేదు. నాకు ముందు ఆశ్చర్యం వేసింది, ఆ గీతలు కడిగితే పోయేవి కావు కదా. వేలితో అడుగు తడిమాను, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. కన్ను మారిపోయింది. తెల్లటి వలయం చిన్నదై ఒక పక్కకి జరిగింది. మధ్యలో మినపగింజంత గోధుమ చుక్క అసలు లేనే లేదు.

పొరలు పొరలుగా కట్టిన రాయి అది. పై పొర అరగదీస్తే కింది పొర బొమ్మ బయటపడుతుంది. ఎవరో ఆ గీతలు పోయేదాకా, ఆ చుక్క ఉన్న పొర మొత్తం పోయేదాకా అరగదీసి నునుపు పెట్టారు. ఎవరో ఏమిటి, ఆయనే. మూడు నెలల పూజ అదే.

దేనితో అరగదీశాడన్న ప్రశ్నకి జవాబు కూడా పెట్టెలోనే ఉంది. మూలలో ఒక నమూనా పొట్లం, సగానికి పైగా ఖాళీ. దాని మీద నంబరు నా చేతిరాతలోనే ఉంది. యాదయ్య మామ కురువిందం పొడి! ఆ పొడి తన కల్వాన్ని తింటుందని ఆయనకి ఎంత బాగా తెలుసంటే, కల్వాన్ని చెక్కడానికి ఏరికోరి దాన్నే వాడుకున్నాడు. గీతలు చెరిపాడు, సాక్ష్యం చెరిపాడు, యాదయ్య మామ కాగితం మీది అంకె మాత్రం అలాగే ఉంచాడు. గ్రూపులో దండాలు పెట్టేవాళ్ళారా, మీ నిజాయితీపరుడు ఇదీ!

పోనీ చచ్చేముందైనా నోరు విప్పాడా? లేదు. "తప్పు జరిగింది" అన్న రెండు మాటలు ఆ నోట రాలేక, రాయిని పంపాడు. అందరి ఉంగరాలూ రుద్దిన మనిషికి తన రంగు తను దించుకునే ధైర్యం లేకపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెట్టె పట్టుకుని అక్కడికక్కడే ఉప్పల్ ఆటో ఎక్కాను. ఆయన పంపిన నేరాన్ని చేరాల్సిన చోటికి చేర్చాలి, ఆయన ఎలాంటివాడో యాదయ్య మామకి చూపించాలి. దారి పొడుగునా మనసులో ఆయన్ని తిడుతూనే ఉన్నాను.

చౌరస్తాలో ఆకాశ వంతెన కింద దిగి, అడుగుతూ పోయాను. రేకుల షెడ్డు అలాగే ఉంది. లోపల ఏదో ఆన్‌లైన్ కంపెనీ గోదాము, బయట బైకుల వరస. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో యాదయ్య మామ. బాగా ముసలాడయ్యాడు, తెల్ల మీసం. నన్ను గుర్తుపట్టాడు.

"నాచారం ల్యాబు బిడ్డవు గదా! రా, కూసో. కిరాయికిచ్చిన షెడ్డు. పైసలకు ఫికర్ లేదు. పనే లేదు."

మాట్లాడుతున్నంతసేపూ ఆయన వేళ్ళు మోకాలి మీద అటూ ఇటూ ఊగుతున్నాయి, జల్లెడ పట్టినట్టు. పెట్టె తెరిచి కల్వం చూపించాను. అది ఎలా అరిగిందో, ఆ అరిగింది ఎక్కడికి పోయిందో, కన్ను ఎలా మారిందో, ఆ పొట్లం ఎవరిదో అంతా చెప్పాను. మా సారు పోయాడని, ఆయనకి అంతా తెలుసని, తెలిసే చేశాడని చెప్పాను. గొంతు పెద్దదైపోయింది. గోదాము పిల్లలు తొంగి చూశారు.

యాదయ్య మామ పొట్లం విప్పి, చిటికెడు పొడి బొటనవేలికి చూపుడు వేలికి మధ్య రాసుకుని చూశాడు. "మంచి మాల్" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నీకెప్పుడు తెల్సింది బిడ్డా?"

మా సారు గురించి అడుగుతున్నాడేమో అనుకున్నాను. కాదు. నా గురించే.

"గప్పుడే తెల్సు మామా. మీరొచ్చేటాల్లకే రెండోసారి చేసి సూసిన. మీ మాల్‌ల ఇసుక లేకుండె."

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"నా మాల్‌ల ఇసుక లేదని నాకు ఎర్క కాదా? ముప్పై ఏండ్లు గీ చేతులతోని జల్లెడ పట్టిన. తెల్వక నిన్ను అడిగిన అనుకున్నవా?"

"మరెందుకు అడిగిన్రు మామా?"

"నువ్వు చెప్తవేమో అని అడిగిన."

పొట్లం మడిచి పెట్టెలో పెట్టి, కల్వం నా చేతికిచ్చి, చాయ్ చెప్పి వస్తానని లేచాడు.